పత్తికట్టె మంటనుకున్నాను

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు. నా నోటికి జడిసి ఎవరూ ఏదీ అడగరు. మీకు చెప్తాను. మధ్యలో అడ్డం రాకండి.

గుంటూరులో మా ఆఫీసుకి అండమాన్ సముద్రంలోని ఒక అగ్నిపర్వతాన్ని కనిపెట్టుకుని ఉండే పని ఉండేది. ఉపగ్రహం తీసిన చిత్రాల్లో వేడి ఎక్కడుందో చూసి నేను మ్యాపు చేసేదాన్ని. అది పట్టుకుని మస్తాన్ ఓడలో వెళ్లి, దీవి మీద దిగి, నేల వేడి కొలిచేవాడు. వినుకొండ వాడు, నాకంటే పదేళ్లు చిన్న. అక్కా అని పిలిచేవాడు.

నాది ప్రత్తిపాడు. మిగతా రోజులు మన జిల్లాల పంటల చిత్రాలే చూసేదాన్ని. పత్తి ఏరడం అయ్యాక చేలల్లో కట్టె తగలబెడతారు కదా, చిత్రంలో అది ఒంటరి ఎర్రచుక్కగా పడుతుంది. పనికి అడ్డమని చెరిపేస్తాం. అలా ఎన్ని చెరిపానో. ఆ రోజు పర్వతం వాలు మీద ఒక చుక్క కనపడితే, ఎవరో కట్టె కాల్చారనుకుని తీసేశాను. మనిషే లేని దీవిలో పత్తి ఎవడు వేస్తాడు? ఆ ప్రశ్న నాకెందుకు రాలేదు? చదువుకున్నదాన్నే కదా?

ఆ మ్యాపుతో మస్తాన్ ఓడెక్కిన నాలుగో రోజు కబురొచ్చింది. వాలు మీద అతను అడుగు పెట్టిన చోట నేల పైపెంకు విరిగి, కాలు మోకాలి దాకా మండే బూడిదలో దిగబడిందట. అసలు చిత్రం తెరిచాను. అదే చోటు.

ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, నీ మ్యాపులో అక్కడ ఏమన్నా కనపడిందా?"

"ఏం కనపడుతుంది? కళ్లు నెత్తిన పెట్టుకుని నడిచి, ఇప్పుడు నా మ్యాపు మీద పడతావేంట్రా?"

"అంతేలే అక్కా. నువ్వు చూశాక ఇంకేం ఉంటుంది."

విచారణలో మస్తాన్‌ది 'అజాగ్రత్త' అని రాశారు. ఆ కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టింది నేనే. చెయ్యి వణకలేదు. కాలు కాలిందని విన్నప్పటికన్నా, అంత నిబ్బరంగా సంతకం చేసిన మనిషిని నేనేనని తలుచుకున్నప్పుడే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మొన్న అతను మళ్లీ ఫీల్డు పనికి అర్జీ పెడితే, ఆ ఒక్క మాట చూపించి వెనక్కి పంపారట. ఏడుస్తూ చెప్పాడు. నాకే చెప్పాడు!

చెరపని చిత్రం, నా తప్పు రాసిన ఉత్తరం ఈ ఉదయం ఆఫీసుకి పంపాను. నకలు అతనికి. క్షమించమని అడగలేదు, ఏ మొహంతో అడగను? ఇది మీకు చెప్తుంటే మాత్రం ఇన్నేళ్లకి ఊపిరి కడుపు దాకా దిగుతోంది. అతని ఫోన్ వస్తే ఎత్తుతాను. ఎన్ని తిట్టినా ఎదురు చెప్పకుండా వింటాను.