పసుపు గుండీ పువ్వు

చిత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సులో నా పక్కనున్నావిడ కొంగు ముడి విప్పి, ఒళ్లంతా తెల్లటి నూగున్న చిన్న మొక్కను చూపించింది.

"అన్నా, ఇది కొండపిండాకే గదా? మా ఆయనకు కిడ్నీలో రాళ్లుండాయి. కషాయం కాచి తాపియ్యాల."

తెలియదనడం నా నోటికి అలవాటు లేదు. మొక్కను సరిగ్గా చూడకుండానే "కొండపిండే తల్లీ! మా తాత దీని కషాయం పోసి పొలంలో బండనే కరిగిచ్చినాడు!" అన్నాను.

ముందు సీటాయన పకపకా నవ్వాడు. ఆవిడ మాత్రం మొక్కను కళ్లకద్దుకుంది.

నిజంగానే తాపించేట్టుంది. మొక్క తీసుకుని, కొసనున్న పసుపు గుండీలాంటి పువ్వును గోటితో చీల్చాను. చామంతిలోలాగే లోపల బోలెడు బుల్లి పూలు. కొండపిండికైతే ప్రతి ఆకు మొదట్లోనూ తెల్లపూలు అంటుకుని ఉంటాయి.

"ఇది కొండపిండి కాదమ్మా. చామంతి జాతిలో ఏదో కలుపు మొక్క. పేరు నాకూ తెల్దు. తాపియ్యొద్దు."

"మరి ఇందాక చెప్పింది?"

"అబద్ధం."

ఆవిడ మొక్కను కిటికీలోంచి వదిలేసింది. "ఇందాక బస్సంతా ఇనపడేట్టు చెప్తివి. ఇప్పుడు గొంతు సన్నంగా వచ్చె. అందుకే ఈ మాట నమ్మినాన్లే అన్నా" అంది.

అప్పటినుంచి కోతలు కోసేటప్పుడు నేను ఇంకాస్త గొంతు పెంచుతున్నాను.