నలభైమంది ఒప్పుకుంటే గానీ కదలని ఉత్తరం

మా ఆన్‌లైన్ బృందంలో మేం నలభైమందిమి. తెరమీది అక్షరాలను చూపులేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండని వదిలేసినవాళ్లం. ఆ గొప్ప మా నెత్తికెక్కి చాలాకాలమైంది. మాలో ప్రోగ్రాం రాయడం రానిది కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే అక్క ఒక్కతే. మధ్యాహ్నం అన్నం తింటూ, సాఫ్ట్‌వేర్ తప్పు పలికిన మాటలు రాసి పంపేది. ఆమె తమ్ముడికి చూపు లేదు. సర్కారు ఆసుపత్రిలో ఫోన్ల దగ్గర ఉద్యోగం. మా సాఫ్ట్‌వేర్ చెవిలో చెబుతుంటేనే ఆ పని సాగుతుంది.

అంతలో ప్రభుత్వం కొత్త నిబంధన ముసాయిదా పెట్టింది. సర్కారు ఆఫీసుల కంప్యూటర్లలో రిజిస్టరైన కంపెనీలు అమ్మిన సాఫ్ట్‌వేరే ఉండాలట. మాకు కంపెనీ లేదు, అమ్మేవాడూ లేడు. ఇది అమలైతే తమ్ముడి ఉద్యోగం ఊడుతుంది. అభ్యంతరాలకు గడువు శుక్రవారం సాయంత్రం ఐదు.

"ఒక ఉత్తరం రాసి పడేస్తే పోతుందిగా," అంది అక్క.

మా దగ్గర చుక్క మారాలన్నా ఇద్దరు పరిశీలించాలి, ఎవరూ అడ్డు చెప్పకూడదు. ప్రోగ్రాముకు పెట్టుకున్న ఆ పద్ధతే ఉత్తరానికీ పెట్టాం. పది రోజుల్లో అరవై మూడు సవరణలు. 'విన్నపం' అనాలా, 'డిమాండ్' అనాలా అని రెండు రోజులు కొట్టుకున్నాం. ఇల్లు కాలి ఒకరేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం మేము. అన్నీ తేలాక, అభ్యంతరాలు తీసుకునే ఆఫీసు వెబ్‌సైటు ఒక కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైళ్లే తీసుకుంటుందని తెలిసింది. మేమంతా గురువుగారని పిలిచే రిటైర్డ్ లెక్చరర్ ససేమిరా అన్నారు.

"అమ్మే సాఫ్ట్‌వేర్ ముట్టమనే సిద్ధాంతం వదులుకుని ఉత్తరం పంపుతామా?"

నేనూ సిగ్గులేకుండా ఆయన వైపే ఓటేశాను.

శుక్రవారం మధ్యాహ్నం అక్క, కంటి కొలతలు రాసే కాగితం వెనక పది వరుసలు రాసి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకే వెళ్లింది. స్వయంగా కూడా ఇవ్వవచ్చని ముసాయిదా అడుగునే ఉంది. మిగతా ముప్పై తొమ్మిదిమందిమీ చదివాం, ఒక్కరి బుర్రకీ ఎక్కలేదు.

"ఏ సంఘం తరఫునమ్మా?" అన్నాడు గుమాస్తా.

"సంఘం కాదండీ. వీడి అక్కని."

తమ్ముడు తన ఫోన్‌లోని మా సాఫ్ట్‌వేర్‌తో ఆ ముసాయిదానే చదివించి వినిపించాడట. గుమాస్తా చివరిదాకా విని ముద్ర కొట్టాడు. రెండు నెలలకు తుది నిబంధనలో ఒక వాక్యం చేరింది: చూపులేనివారు వాడే సాధనాలకు మినహాయింపు. తమ్ముడు ఫోన్ల దగ్గరే ఉన్నాడు.

మేం ఊరుకుంటామా? 'మన సమష్టి విజయం' అని మా సైటు మొదటి పేజీలో వేసుకున్నాం. దాని కిందే గురువుగారు చర్చ లేవదీశారు, అందరి అనుమతి లేకుండా సభ్యురాలు ఉత్తరం ఇవ్వడం సబబేనా అని. అక్క మాత్రం మధ్యాహ్నం అన్నం తింటూ, తప్పు పలికిన మూడు మాటలు రాసి పంపింది. వాటిని పరిశీలించడానికి మాలో ఇద్దరు ఇంకా దొరకలేదు.