తోటికోడలి ఇంటికి వెళ్ళిన లైసెన్సు

నాకు ఓర్వలేనితనం ఉంది. లోకం మీద కాదు, మా తోటికోడలి మీద మాత్రమే. మైపాడులో మా రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. ఆమె చేపల పులుసు పెడితే వాసన మా ఇంటికి వస్తుంది, మెచ్చుకునే జనం మాత్రం ఆమె ఇంటికే పోతారు. నాకు ఉండి ఆమెకు లేనిది ఒక్కటే, కంప్యూటరు. ఏటా గంగమ్మ జాతర కరపత్రం నేనే టైపు చేసేదాన్ని. అడుగున చిన్న అక్షరాల్లో ‘అక్షరకూర్పు’ అని నా పేరుండేది. ఊరంతా చదివే కాగితం మీద నాకున్న చోటు అదొక్కటే.

ఉప్పుగాలికి మా ఊళ్ళో ఏ ఇనుమూ నిలవదు. నిరుడు వానల తరువాత కంప్యూటరులో మదర్‌బోర్డు తుప్పుపట్టింది. నెల్లూరు నుంచి మెకానిక్కు వచ్చి కొత్తది బిగించాడు. పాతదేం చేయాలి? చేపల వేటకెళ్ళే మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బోటు మీద నుంచి దించిన ఇంజను బయటివాళ్ళకు పోకూడదు, ముందు అన్నదమ్ముల ఇంటికి ఇవ్వాలి. మా మరిది ఇంట్లో ఎవరో ఇచ్చిన ఖాళీ కంప్యూటరు డబ్బా పడి ఉంది. తుప్పు ముక్కే కదా, ఇచ్చానన్న మంచిపేరైనా వస్తుందని పాత బోర్డు తోటికోడలి చేతిలో పెట్టాను.

మర్నాడు నా తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరు తెరిస్తే, ఇది కొత్త కంప్యూటరు, లైసెన్సు లేదు పొమ్మంది. మెకానిక్కుకు ఫోను చేసి ఎగిరాను. “బోటుకి ఇంజను మారిస్తే బోటు నంబరు మారతాదా అబ్బయా? బోటు అదే గదా!”

“ఇక్కడ నంబరు ఇంజనుకేనమ్మా, బోటుకి కాదు. మీ లైసెన్సు ఆ పాత బోర్డు మీదే ఉంది” అన్నాడు.

ఆలోగా ఆమె ఆ బోర్డును నెల్లూరులో శుభ్రం చేయించి నడిపించింది. అదే సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే, బోర్డును గుర్తుపట్టి మారుమాట లేకుండా తెరుచుకుంది. చేజేతులా ఇచ్చుకున్నాను! జాతర దగ్గరపడింది. నాది పనిచేయడం లేదని తెలిసి ఊరి పెద్దలు కరపత్రం ఆమెకే అప్పజెప్పారు. గోడ అవతల ఒంటివేలితో టక్కు... టక్కు... అని కొడుతూ ఉంటే నా కడుపు మండిపోయింది. నా పేరుండే చోట ఇక ఆమె పేరు.

సాఫ్ట్‌వేరు కంపెనీకి ఫోను చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. “ఒక లైసెన్సుకు ఒక్క కంప్యూటరేనండి. మీ కొత్తదానికి ఇవ్వాలంటే పాత బోర్డు మీద నడిచేది ఆపేయాలి. ఆపమంటారా?”

పక్కింటికి పది అడుగులు. ఒకమాట చెప్పి రావచ్చు.

“ఆపేయండి” అన్నాను.

కాసేపటికి గోడ అవతల చప్పుడు ఆగింది. అబద్ధమెందుకు, సంతోషమే కలిగింది.

అంతలో ఆమే కాగితం పట్టుకుని వచ్చింది. “అక్కా, ఉన్నట్టుండి ఆగిపోయింది. నాకేం తెలస్తాది? నువ్వొచ్చి చూడక్కా. పొద్దున తీసిన ప్రూఫు ఇది, తప్పులుంటే దిద్దిపెట్టు.”

తప్పుల కోసం ఆశగా వెతికాను. మూడు దొరికాయి. నాలుగోదాని కోసం అడుగుదాకా వెళ్ళాను. అక్కడ ‘అక్షరకూర్పు’ అని ఉంది, పక్కన నా పేరు.

“ఇదేంది, నా పేరు వేసినావు?”

“ఏటా నీ పేరే గదక్కా ఉండేది. నేర్పించమని అడగడానికి భయమేసింది. నీ పాత కరపత్రాలు ముందు పెట్టుకుని చూసి చూసి కొట్టినా.” చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇంతకీ అది ఎందుకు ఆగిపోయిందక్కా?”

కాగితం మీద నుంచి తల ఎత్తలేదు నేను.

“ఏమో, ఉప్పుగాలికేమో” అన్నాను.