ఖాళీ వంతెన మీద తవుడు

గాలిలో తేలే రైలుకు వంతెన కట్టినవాణ్ణి మిర్యాలగూడ మొత్తంలో నేనొక్కణ్ణే. రైసుమిల్లు ఫిట్టర్‌ని. మోత వినిపిస్తే బేరింగు వెతుకుతాను గానీ దయ్యాన్ని వెతకను. శ్మశానం పక్కన కిరాయికుండి కూడా హాయిగా గురకపెట్టాను.

రైలన్నది కాస్త పెంచి చెప్పాను. జానెడు చెక్క పెట్టె, అడుగున అయస్కాంతాలు. కోదాడలో ఇంజనీరింగ్ చదివే మా బిడ్డ స్వప్న ప్రాజెక్టు అది. వంతెన మాత్రం నేనే చేశాను. పొట్టి కాళ్ల మీద సన్నని టేకు బద్దలు, వాటి మీద అయస్కాంతపు పట్టీలు.

తోస్తే పెట్టె బద్దను తాకకుండానే పోయేది. వేగం పెరిగితే మాత్రం ఎగిరెగిరి పడేది.

"తాకనే తాకదు గద బిడ్డా, బద్దకేం బరువు?" అన్నాను.

"తాకకున్నా బరువు బరువే నాయినా. బద్ద వంగుతది, దాంతోని బండి ఊగుతది. బండి ఊగితే బద్ద ఇంకింత ఊగుతది. నువ్వు మరీ సన్నగ చెక్కినవ్. సోకులెక్కువ నీకు!"

మిల్లులో మేము చేసే పని చూపించాను. తవుడు చల్లితే ఊగే చోట అది లేస్తుంది. పెట్టె పోతుంటే ప్రతి బద్ద నడుమా తవుడు లేచింది. ఈసారి సెలవులకు మందం బద్దలు వేద్దామనుకున్నాం. పెట్టెను తనతో తీసుకుపోయింది.

హాస్టల్లో జ్వరమొచ్చింది. సూర్యాపేట దవాఖానలో చేర్చారు. ఎప్పుడూ వాగే పిల్లను అక్కణ్ణుంచి మాటా ఊపిరీ లేకుండా ఇంటికి తెచ్చుకున్నాం.

లోపలి గదిలో వంతెన అట్లాగే ఉంది. తవుడు ఎవరమూ ఊడ్వలేదు.

కరెంటు కోతల కాలం. ఒక మధ్యాహ్నం మిల్లులన్నీ ఆగి ఉన్నాయి. ఫ్యాను తిరగడం లేదు, కిటికీ మూసి ఉంది. పెట్టె కోదాడ కాలేజీలోనే ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. మొదటి బద్ద నడుమ తవుడు లేచింది. తర్వాత రెండోదాని మీద, ఆ తర్వాత మూడోదాని మీద. స్వప్న తోసినప్పటి వేగమే. చివరి బద్ద కిందికి వంగి, మెల్లగా లేచింది. దాని మీద ఏమీ లేదు.

ఎలుకైతే జాడ పడేది. గాలైతే తవుడంతా ఒక్కసారే లేచేది. ఎన్నో మిషన్లు విప్పినవాణ్ణి, దీన్ని విప్పలేకపోయాను. ఆ బరువు ఎవరిదో ఇప్పటికీ చెప్పలేను.

ఇదంతా రాసి, చదివి వినిపిస్తే మా ఇంటామె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"ఊగింది నిజమే. సూసింది నేను, నీకు జెప్పింది నేను. పిల్ల పోయిన సంది నువ్వు ఆ లోపలి అర్రల అడుగే పెట్టలే."