మేం పెట్టిన మాయల బడి గుర్తు

ఇవాళ సౌదీలోని యాన్బులో దర్జీ నా పనిబట్టల కవరాల్ జేబుపై కంపెనీ గుర్తు కుడుతుంటే, మిషన్ నూనె వాసనకు ఐదో తరగతి కళ్లముందు నిలిచింది. లతా, రఫీ, మన ముగ్గురం ఆటకు పెట్టుకున్న మాయల బడి గుర్తుందా? దాని చిహ్నం కిరీటం పెట్టుకున్న తొండ, కింద రెక్కలున్న బొగ్గుల ఇస్త్రీపెట్టె. మా అమ్మ పాత చీరముక్కలపై మిషన్‌తో కుట్టి ఇస్తే చొక్కాలకు పెట్టుకెళ్లాం. లెక్కల సారు దగ్గరికి పిలిచారు. దెబ్బలు ఖాయమనుకున్నాం.

"ఏ బడిదిరా ఇది?"

"మాయల బడి సార్, మేమే పెట్టినం," అన్నావు లతా.

"నాకు సీటు దొరుకుతదా?"

మర్నాడు అమ్మతో ఇంకోటి కుట్టించి ఆయన జేబుకు పెట్టాం. మనకు కాళ్లు నేలమీద ఆగలేదు. అదేంటని హెడ్మాస్టరు అడిగితే సారు నిబ్బరంగా చెప్పారు.

"మా బడి గుర్తు సార్."