పన్నెండు మంది అనుగ్రహలు

లైన్ షీట్ అంటే ఏమిటో రెబ్కాకు తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు. అందుకే ఘాజియాబాద్ బొమ్మల దుకాణంలో యజమానురాలు ఛాయాదేవి, "మీ బొమ్మలు బాగున్నాయి సిస్టర్‌జీ, శనివారం లైన్ షీట్ తెండి, దీపావళి సరుకు ఆ రోజే ఖాయం చేస్తాను" అని హిందీలో అనగానే, "అచ్ఛా, ఠీక్ హై" అని తల ఊపి బయటపడింది. అది రెండువేల ఆరో సంవత్సరం.

పాలకొల్లు నుంచి ఢిల్లీ వచ్చి ఇరవై రెండేళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసిన మనిషి ఆమె. నడుం పట్టేసి రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసింది. భర్త సిలాసు జీతంతో ఇల్లు సాఫీగానే గడుస్తోంది. లోటల్లా పొద్దున్నే ఎవరూ తన కోసం ఎదురుచూడకపోవడం. ఇందిరాపురం ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చోలేక, ఒకప్పుడు వార్డులో పిల్లలకు కుట్టిచ్చినట్టే గుడ్డబొమ్మలు కుట్టడం మొదలుపెట్టింది. ఏ పిల్లకు ఆ పిల్ల జుట్టు, ఆ పిల్ల కళ్లు, గౌను మీద ఆ పిల్ల పేరు. ఈ దుకాణం కూడా కాదంటే కుట్టుమిషను అమ్మేస్తానని ఇంట్లో చెప్పేసింది. చెప్పిందంటే చేసే రకమే.

డిగ్రీ చదువుతున్న కూతురు స్తుతి సైబర్ కేఫ్‌కు వెళ్లి సంగతి కనుక్కొచ్చింది. దుకాణదారు ఒక్క చూపులో సరుకంతా తెలుసుకునే కాగితమట. బొమ్మ ఫొటో, నంబరు, కొలత, దుకాణానికి ఇచ్చే ధర, తక్కువలో తక్కువ ఎన్ని తీసుకోవాలి, ఎన్నాళ్లలో అందుతాయి.

"ఓస్, ఇంతేనా! మంచం కాడ తగిలించే కేస్ షీటేగా" అంటూ రెబ్కా తెల్లకాగితం మీద గీతలు కొట్టి రాసేసింది. పేరు, వయసు, జుట్టు, కళ్లు, ప్రత్యేక సూచనలు. అడుగున సిస్టర్ సంతకం.

స్తుతి నెత్తి కొట్టుకుంది. "మమ్మీ, యే క్యా హై? టాయ్ హై, పేషెంట్ నహీ!"

ఆ కాగితం పక్కన పడేసి కంప్యూటర్‌లో తనే షీటు తయారుచేసింది. ఆరు రకాలు, ఆరు ఫొటోలు, ఆరు నంబర్లు, ప్రతి రకం కనీసం పన్నెండు. చూడ్డానికి పెళ్లి శుభలేఖలా ఉంది. రెబ్కా తన చేతిరాత కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. పారేయడానికి మనసొప్పలేదు మరి.

శనివారం ఛాయాదేవి షీటు పైనుంచి కిందికి చదివి, మొదటి ఫొటో దగ్గరికే మళ్లీ వచ్చింది. అందులో బొమ్మ గౌను మీద 'అనుగ్రహ' అని ఉంది.

"ఈ నంబరువి పన్నెండు తీసుకోవాలంటున్నారు. నా దుకాణానికి ఒక అనుగ్రహ వస్తుందనుకుందాం సిస్టర్‌జీ. మిగతా పదకొండు మంది అనుగ్రహలను నేనెక్కడ వెతకను?"

తల్లీకూతుళ్లలో ఒక్కరికీ ఆ ముక్క తట్టలేదు. ఛాయాదేవి షీటు తిరిగి ఇవ్వబోయింది. రెబ్కాకు మిషను అమ్మేసిన చోటు ఖాళీగా కళ్ల ముందు కనబడింది. ఆ వెంటనే వార్డు గుర్తొచ్చింది. ముప్ఫై మంచాలకు అచ్చయిన కాగితం ఒకటే, నింపేది మాత్రం ఎవరిది వాళ్లదే.

గబగబా బ్యాగులోంచి తన కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"దీదీ, పన్నెండూ బోడివే ఇస్తాను. జుట్టుండదు, ముఖముండదు, పేరుండదు. ఒక్కోదానికి ఇలాంటి చీటీ ఒకటి. కొన్నవాళ్లు నింపుతారు. ఐదు రోజుల్లో పూర్తిచేసి తెస్తాను" అంది, తనకొచ్చిన హిందీలో.

ఛాయాదేవి చీటీ చదివింది. "ప్రత్యేక సూచనలంటే?"

"వార్డులో అయితే, సూదంటే భయం, పాలు తాగదు, అలాంటివి రాస్తాం."

ఛాయాదేవి నవ్వేసి రెండు రకాల పక్కన టిక్కు పెట్టింది. "ముందు ఇవి. చూద్దాం."

బయటికొచ్చాక స్తుతి తల్లి చెయ్యి పట్టుకుంది. "సారీ మమ్మీ. షీట్ ఫిర్ సే బనాతే హై. ఆప్‌కా వాలా ఫార్మాట్." షీటు మళ్లీ చేద్దామంది, ఈసారి తల్లి పద్ధతిలోనే.

దీపావళికి పదిరోజుల ముందు ఒక పొద్దున దుకాణం నుంచి బోడి బొమ్మలతో పాటు తొలి చీటీలు వచ్చాయి, ఏడు. రెబ్కా వాటిని డ్యూటీ ఎక్కేటప్పటిలా నిలబడే చదివింది. చివరిదాంట్లో ప్రత్యేక సూచనల దగ్గర వంకరటింకర హిందీ అక్షరాలు. "బొమ్మకు కూడా కళ్లద్దాలు పెట్టండి. క్లాసులో నాకొక్కదానికే ఉన్నాయి."

రెబ్కాకు కళ్లు చెమర్చాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేం. నల్లదారంతో గుండ్రంగా కళ్లద్దాలు కుట్టి, చీటీ అడుగున సంతకం చేసింది. అలవాటు కొద్దీ పక్కన 'స్టాఫ్ నర్స్' అని కూడా రాసేసింది. కొట్టేయబోయి, ఊరుకుంది.