గోళ్ళక్క ఈల

గోళ్ళక్క అని ఆమెకు ఎవరు పేరు పెట్టారో గానీ, ఆ పేరు రెండు చోట్లా అతికినట్టు సరిపోయింది. వారంలో ఆరు రోజులు ఆమె తాళాలు బాగుచేసే కొట్టు పైన, రెండు కుర్చీలు పడితే మూడోది పట్టని చిన్న పార్లర్‌లో ఆడవాళ్ళకు గోళ్ళు పెడుతుంది. పొడుగువి అతికించి, అరగదీసి, రంగులు వేసి, చుక్కలు దిద్దుతుంది. శనివారం వచ్చిందా, తెల్ల చొక్కా తెల్ల ప్యాంటు తొడుక్కుని, మెడలో ఈల తగిలించుకుని హైస్కూలు ఈతకొలనుకు పోయి, వాటర్ పోలో ఆడే పిల్లల గోళ్ళు కత్తిరిస్తుంది.

"ఆరు రోజులు పెడతావు, ఏడో రోజు పీకుతావు. ఇదేం ఉద్యోగమే నీది?" అని అత్తగారు నవ్వేది.

వాటర్ పోలో అంటే నీళ్ళలో ఆడే బంతాట. జట్టుకు ఏడుగురు. కాళ్ళు అడుగున ఆనకూడదు, గోల్ కీపర్ తప్ప ఎవరూ రెండు చేతులతో బంతి పట్టకూడదు. నీటి పైన కనిపించేవి టోపీలు పెట్టుకున్న తలలే. నీటి కింద ఎవరు ఎవర్ని గిల్లారో, ఎవరి కాలు ఎవరు లాగారో దేవుడికీ రెఫరీకీ తెలియాలి. అందరి చేతులూ అందరి మొహాల మీద పడే ఆట కాబట్టి, మొదలయ్యే ముందు ప్రతి పిల్లనీ వరసలో నిలబెట్టి చేతి గోళ్ళూ కాలి గోళ్ళూ చూడాలని రూలు. వేలి కొస దాటి గోరు కనిపిస్తే నీళ్ళలోకి దిగడానికి వీల్లేదు.

నాలుగేళ్ళ కిందట కూతురి ఆట చూడ్డానికి వెళ్ళిన రోజున, ఆ పని చేయాల్సిన రెఫరీకి జ్వరమొచ్చింది. "పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చి కాస్త గోళ్ళు చూస్తారా?" అని మైకులో అడిగారు. గోళ్ళక్క మెట్ల మీంచి దిగివచ్చింది. చేతులు చూడనక్కర్లేదు, పట్టుకుంటే చాలు. "ఇది కత్తిరించిన గోరు కాదు, పళ్ళతో కొరికింది. ఇదిగో ఇక్కడ గరుకుంది, పోయి రుద్దుకురా," అంటూ, మార్పుకి దిగేవాళ్ళతో కలిపి రెండు జట్ల ఇరవై ఆరు మంది పిల్లల్ని పది నిమిషాల్లో తేల్చేసింది. ఆ వారం నుంచి గోళ్ళు చూడ్డానికి ఆమెనే పిలిచారు. కూతురు చదువైపోయి బడి మానేసినా తల్లి మాత్రం మానలేదు.

గోళ్ళు చూసి ఊరుకుంటే గోళ్ళక్క ఎందుకవుతుంది? రెఫరీ కావాలని పట్టుబట్టింది. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ముద్రలు కొట్టి రిటైరైన అత్తగారు రూల్స్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కోడలు కూరలు తరుగుతుంటే ప్రశ్నలడిగేది. రాత పరీక్షలో తొంభై ఆరు మార్కులు వచ్చాయి. అసలు ఆటలో ఈల ఊది చూపించే పరీక్షలో మాత్రం రెండుసార్లు తప్పింది.

కారణం ఒక్కటే, తొందర. ఆ ఆటలో ఒక చిత్రమైన రూలుంది. తప్పు కళ్ళారా చూసినా, ఈల ఊదితే తప్పు చేసిన జట్టుకే మేలు జరిగేటట్టయితే ఊదకూడదు. దెబ్బ తిన్న పిల్లకి బంతి అంది గోల్ కొట్టే వీలుంటే, ఆట సాగనివ్వాలి. ఇది గోళ్ళక్కకు నోటికి వచ్చు, నోట్లో ఈల ఉంటేనే రాదు. రెండోసారి పరీక్షలో బంతి గాల్లో గోల్ వైపు పోతుండగా ఈల ఊదేసింది. బంతి వలలో పడింది, గోల్ చెల్లలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఆమెను కారు దాకా సాగనంపారు, పూలతో మాత్రం కాదు.

ఇప్పుడు మూడోది, ఆఖరిది. ఇదీ తప్పితే మళ్ళీ రెండేళ్ళ దాకా పరీక్షకు రానివ్వరు. అప్పటిదాకా ఈల మెడలోనే ఉంటుంది, నోట్లోకి రాదు.

"కుక్కరు కూడా మూడు ఈలలకి ఆగుతుంది కదే! నీకేం మాయరోగం?" అంది అత్తగారు. అని ఊరుకోలేదు, మందు కనిపెట్టింది. పాత ఆటల వీడియోలు పెట్టి, కోడలి నోటినిండా మంచినీళ్ళు పోయించింది. "తప్పు కనబడగానే ఊదాలనిపిస్తుందిగా? ఊదావో నీళ్ళు బయటికొస్తాయి. నోట్లోనే ఉంచుకుని ఆలోచించు. అప్పుడు చెప్పు."

మొదటి వారం టీవీ తడిసింది. రెండో వారం అత్తగారు తడిసింది. మూడో వారం, అప్పుడే డ్యూటీ దిగి వచ్చి అడ్డంగా నడిచిన బస్సు డ్రైవరు భర్త తడిసి, "నన్నెందుకే మధ్యలో!" అని కేకలు పెట్టాడు. నాలుగో వారానికి నీళ్ళు నోట్లోనే నిలబడ్డాయి.

పరీక్ష శనివారం. గురువారం సాయంత్రం పార్లర్‌కి స్కూలు సంచీ భుజాన వేసుకుని ఒక పొడుగాటి పిల్ల వచ్చింది. ఊరికి అటు చివరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. "ఆదివారం మా అక్క పెళ్ళాంటీ. మంచివి పెట్టండి," అంది.

గోళ్ళక్క రెండు గంటలు కూర్చుని లేత ఊదారంగు పొడుగు గోళ్ళు పెట్టింది. ఒక్కో గోటి మీద మూడేసి వెండి చుక్కలు దిద్దింది. ఆ రెండు గంటలూ నోరు ఆగితే ఒట్టు. శనివారం ఫైనల్‌కి తనే రెఫరీ అనీ, అదే తన పరీక్ష అనీ, తప్పితే తన గతేంటనీ ఏకరువు పెట్టింది. పిల్ల బుద్ధిగా వింది, తలూపింది, వెళ్ళేటప్పుడు వేళ్ళు ఆడించుకుంటూ "థాంక్యూ ఆంటీ, ఇప్పుడు ధైర్యమొచ్చింది," అంది. దేనికి ధైర్యమో అడగాలని గోళ్ళక్కకు తట్టలేదు. తడితే ఈ కథే లేదు.

శనివారం మధ్యాహ్నం ఈతకొలను చుట్టూ మెట్లన్నీ నిండిపోయాయి. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన్ని అందరూ పెన్సిల్ మాస్టారు అంటారు. చెవి మీద పెన్సిలు, ఒళ్ళో కాగితాల అట్ట. ఆయన కుర్చీ తెచ్చుకుని సరిగ్గా గోళ్ళు చూసే చోటే వేసుకున్నాడు.

నీలం టోపీల వరస అయిపోయింది. తెల్ల టోపీల వరసలో మొదట నిలబడ్డది గోల్ కీపర్. గోల్ కీపర్ కాబట్టి ఎర్ర టోపీ, ఒకటో నంబరు. చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుంది.

"చేతులమ్మా," అంది గోళ్ళక్క.

చేతులు ముందుకొచ్చాయి. పది వేళ్ళకీ లేత ఊదారంగు. ఒక్కోదాని మీద మూడేసి వెండి చుక్కలు.

"ఓసి నీ..." అని నాలిక కరుచుకుంది గోళ్ళక్క. "నువ్వు గోల్ కీపరువా? గురువారం చెప్పలేదేం?"

"మీరడగలేదుగా ఆంటీ!" అంది పిల్ల, ఇంకా నవ్వుతూనే. "మీరే రెఫరీ అని మా ఫ్రెండ్ చెబితేనే రెండు బస్సులు మారి మీ దగ్గరికొచ్చా. రెఫరీ పెట్టిన గోళ్ళని రెఫరీ వద్దంటుందా అని."

గోళ్ళక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కనే కుర్చీలో పెన్సిలు ఆగింది.

పిల్ల గొంతు తగ్గించింది. "వేళ్ళు ముడుచుకునే ఆడతా ఆంటీ, ప్రామిస్. రేపే పెళ్ళి. ఎవరికీ చెప్పను."

ఒక్క క్షణం గోళ్ళక్క మనసు అటూ ఇటూ ఊగింది, అబద్ధం ఎందుకు? పెన్సిల్ మాస్టారికి అంతా వినపడిందో లేదో తెలియదు. తల ఊపేసి తర్వాతి పిల్ల దగ్గరికి జరిగితే గొడవుండదు. తనే పెట్టానని ఒప్పుకుంటే, ఆటగత్తెకు గోళ్ళు పెట్టిన రెఫరీ అని నవ్వులపాలవుతుంది, పరీక్ష కాస్తా గంగలో కలుస్తుంది. కానీ ఆ గోళ్ళు ఎంత గట్టివో వాటిని పెట్టిన మనిషికి కాక ఎవరికి తెలుసు? తను అరగదీసిన కొసలు తనకు తెలియవా?

"గోళ్ళు పెట్టింది నేనే," అంది, కొలను అవతలికి కూడా వినపడేంత గట్టిగా. "తియ్యాల్సింది కూడా నేనే. కూర్చో."

మెట్ల మీంచి పిల్ల తల్లి లేచింది. "ఏమండీ, ఏం మనిషండీ మీరు? రేపు పెళ్ళిలో నా కూతురు మొండి చేతులతో తిరగాలా? మీరే పెట్టి మీరే కత్తిరిస్తారా?"

"ఔనమ్మా, నేనే పెట్టాను, నాకే బుద్ధి లేదు," అంటూ గోళ్ళక్క సంచీలోంచి కటింగ్ ప్లేయరంత గోళ్ళ కత్తెర తీసింది. తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. టక్. రెండు గంటల పని ఆరు నిమిషాల్లో కాగితం మీద చిన్న కుప్పయింది. ప్రతి కొసా నున్నగా రుద్దింది, తన చెంపకు ఆనించి చూసుకుంది. "రేపు పొద్దున ఆరింటికే షాపు తీస్తాను. రా. కొత్తవి పెడతా," అంది.

పిల్ల ముక్కు ఎగబీల్చి నీళ్ళలోకి దూకింది.

ఆట మొదలైంది. ఇద్దరు రెఫరీల్లో ఒకరు అటు గట్టున, గోళ్ళక్క ఇటు గట్టున. మొదటి భాగంలో ఒకసారి తొందరపడింది. మాస్టారు పెన్సిలు కదిలింది. రెండు, మూడు భాగాలు బాగానే గడిచాయి. నాలుగో భాగం ఆఖరికి స్కోరు ఆరూ ఆరు, గడియారంలో ఇరవై సెకన్లు.

నీలం టోపీ ఏడో నంబరు చిన్న పిల్ల. బంతి ఆమె ముందు నీళ్ళ మీద తేలుతోంది, ఇంకా చేతికి చిక్కలేదు. ఊదారంగు పిల్ల గోల్‌లోంచి ఒక్క ఉదుటున ముందుకు దూకింది. చెయ్యి బంతికి తగల్లేదు. వేళ్ళు నాలుగూ ఏడో నంబరు నుదుటి మీంచి, కంటి రెప్ప మీంచి, చెంప మీదికి జారాయి.

మెట్లన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. ఈల గోళ్ళక్క పళ్ళ మధ్య ఉంది. అది తప్పే, పెనాల్టీ ఇవ్వాల్సిన తప్పు. నోట్లో నీళ్ళున్నాయి, అనుకుంది. నోట్లో నీళ్ళున్నాయి. అత్తయ్య ఎదురుగా కూర్చుని ఉన్నట్టే అనిపించింది.

ఏడో నంబరు కన్ను తెరిచింది. అరచెయ్యి బంతి కిందికి పోయింది. గోల్ ఖాళీగా ఉంది. బంతి లేచి, వలలో పడింది. అప్పుడు ఊదింది గోళ్ళక్క, కొలను గోడలు మోగేలా. గోల్!

నీలం టోపీలు కేరింతలు కొడుతున్నాయి. తెల్ల టోపీల గోల్ కీపర్ మాత్రం బంతి కోసం వెళ్ళలేదు. ఈదుకుంటూ ఏడో నంబరు దగ్గరికి పోయి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి రెప్ప చూసింది. ఎర్రగా వేలి ముద్ర, అంతే. గీత లేదు, చుక్క రక్తం లేదు. తర్వాత తన పది వేళ్ళూ నీళ్ళలోంచి పైకి తీసి చూసుకుంది. అలా చూస్తూనే గట్టు మీద గోళ్ళక్క వైపు తలెత్తింది. గోళ్ళక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మొహం తిప్పుకుంది.

ఆట ఏడు ఆరుతో ముగిశాక పెన్సిల్ మాస్టారు ఆమెను పిలిచాడు.

"ఆ చెయ్యి మొహం మీద పడటం చూశారా?"

"చూశాను సార్."

"మరి ఈల?"

"ఊదుంటే పెనాల్టీ సార్. పెనాల్టీ అంటే గోల్ కీపర్ మళ్ళీ ఎదురుగా ఉంటుంది, ఆపినా ఆపొచ్చు. ఇక్కడ గోల్ ఖాళీగా ఉంది. ఊదుంటే తప్పు చేసినవాళ్ళకి నేనే సాయం పట్టినట్టు."

ఆయన ఏదో రాసుకున్నాడు. "గోళ్ళ సంగతి?"

"నాదే తప్పు సార్. రెండు గంటలు నా గోడు వెళ్ళబోసుకున్నాను గానీ, నువ్వు ఆటాడతావా అని ఒక్క ముక్క అడగలేదు."

"ఆ తప్పు రాయడానికి ఈ కాగితంలో గడి లేదమ్మా," అన్నాడు మాస్టారు. "కత్తిరించినందుకు మాత్రం ఉంది. పది మార్కులు." కాగితం తిప్పి చూపించాడు. అడుగున ఉత్తీర్ణత అని ఉంది, గుండ్రంగా, పెన్సిలుతో.

ఇంటికి పరుగెత్తుకొచ్చి చెబితే అత్తగారు వంటింట్లోకి పోయి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చింది. "ఇదిగో," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక మింగవే."

ఆదివారం పొద్దున ఆరింటికి పార్లర్ షట్టరు లేచింది. ఆరుంబావు అయింది, ఎవరూ రాలేదు. "రాదే. నువ్వు పిల్లని ఏడిపించి పంపావు," అంది తోడొచ్చిన అత్తగారు. ఆరున్నరకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పిల్లా, వెనకే తల్లీ.

"నిన్న నోరు జారానండీ," అంది తల్లి, రెండో కుర్చీలో కూర్చుంటూ.

"నేను చేసిన పనికి ఇంకా ఎక్కువే అనాల్సింది లెండి," అంది గోళ్ళక్క. అని పొడుగు గోళ్ళ పెట్టె తీసింది.

పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దాంటీ. పొట్టివాటి మీదే రంగెయ్యండి. అవే చుక్కలు. ఇవాళ అక్క కళ్ళకి మేకప్ చేసేది నేనే." తన వేళ్ళు చూసుకుంది. "నిన్నట్నుంచీ నా చేతులు చూస్తే ఆ పిల్ల కన్నే గుర్తొస్తోంది."

గోళ్ళక్క పిల్ల చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళ కొసలు ఒక్కొక్కటే తడిమి చూసింది. తర్వాత తల ఎత్తి, మొహం గంభీరంగా పెట్టి అడిగింది.

"ఆటలేమైనా ఆడతావా అమ్మా?"

పిల్ల పకపకా నవ్వింది. "ఆడతానాంటీ. గోల్ కీపర్ని."

"అయితే పొట్టివే," అంది గోళ్ళక్క, ఊదారంగు సీసా మూత తిప్పుతూ.